ఆ పదివేలు ఎవరివి?



పొదుపు సంఘాల స్త్రీలకు చిన్న వ్యాపారాల్లో శిక్షణ ఇచ్చేటప్పుడు మనలో చాలామంది పెద్ద పారిశ్రామికవేత్తల జీవిత చరిత్రలు చెబుతుంటారు. ధైర్యం, పట్టుదల ఉంటే ఎవరైనా పైకి రావచ్చన్నది వాటి సారాంశం. ఆ పుస్తకాలు చదవొద్దని నేననను. చదువుతూ మూడు ప్రశ్నలు వేయమంటాను. మొదటి పెట్టుబడి ఎవరిది? హామీ ఎవరిది? ఇంటి చాకిరీ ఎవరిది?

ఇన్ఫోసిస్‌ను 1981లో ఏడుగురు ఇంజనీర్లు స్థాపించారు. ఏడుగురూ పురుషులే. నారాయణమూర్తి చేతికి మొదటి 10,000 రూపాయలు వచ్చింది సుధామూర్తి పొదుపు నుంచి. ఆమె టెల్కోలో ఉద్యోగం సంపాదించుకున్న ఇంజనీరు. అయినా భార్యాభర్తల్లో ఒక్కరే కంపెనీలో ఉండాలన్నారు ఆయన. ఆ ఒక్కరు ఎవరో చెప్పనక్కర్లేదు. ఆ ఆలోచన తప్పేనని 2024లో ఆయనే ఒక టీవీ ఇంటర్వ్యూలో అన్నారు. ఆమెకు తర్వాత కంపెనీలో వాటాలు వచ్చిన మాట నిజమే. కానీ స్థాపకుల్లో ఆమె పేరు లేదు. మనం చెప్పే కథల్లో అది 'భార్య త్యాగం' అయిపోతుంది. త్యాగానికి మెచ్చుకోలు దక్కుతుంది, పెట్టుబడికి హక్కు దక్కుతుంది. అందుకే దాన్ని పెట్టుబడి అనే పిలుద్దాం.

కిరణ్ మజుందార్ 1978లో బెంగళూరులో అద్దె ఇంటి గ్యారేజీలో బయోకాన్ మొదలుపెట్టారు. చేతిలో ఉన్నది అక్కడా 10,000 రూపాయలే. ఆడమనిషికి అప్పివ్వడానికి బ్యాంకులు జంకాయి, తండ్రి హామీ అడిగాయి. ఆమె పట్టుదల గురించి అందరూ రాస్తారు. మరి బ్యాంకులు నేర్చుకోవలసిన పాఠం మాటేమిటి? చదువూ పరిచయాలూ ఉన్న ఆమె పరిస్థితే అదైతే, పొలం పట్టా భర్త పేరున ఉన్న స్త్రీ ఏ హామీ చూపగలదు?

మూడో కథ లిజ్జత్ పాపడ్‌ది. 1959లో బొంబాయి గిర్‌గావ్‌లో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు చేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు అందులో వేలాదిమంది సభ్యులు. ప్రతి సభ్యురాలూ యజమానే. లాభమైనా నష్టమైనా అందరిదీ. ఆ ఏడుగురిలో ఒకరైన జశ్వంతీబెన్ పోపట్‌కు పద్మశ్రీ ప్రకటించింది 2021లో, అంటే 62 ఏళ్ల తర్వాత. 'ఒక్క మహానుభావుడి' కథ కాకపోతే గుర్తింపు ఇంత ఆలస్యంగా వస్తుంది. అయితే అక్కడా స్త్రీలు పిండి ఇంటికి తెచ్చుకుని, వంటా పిల్లల పనీ చూసుకుంటూనే అప్పడాలు వత్తుతారు. అంటే నా మూడో ప్రశ్నకు లిజ్జత్ కూడా జవాబు చెప్పలేదు.

కాబట్టి ఈసారి శిక్షణలో ధైర్యం గురించి కాస్త తగ్గించి, లెక్కల గురించి చెప్పండి. ఇంటి వ్యాపారంలో స్త్రీ పెట్టిన ప్రతి రూపాయీ ఆమె పేరునే రాయించండి. భాగస్వామ్య పత్రంలో, లైసెన్సులో, బ్యాంకు ఖాతాలో ఆమె పేరు ఉందో లేదో చూడండి. ఆమె వ్యాపారానికి వెళ్ళిన గంటల్లో ఇంటిపని ఎవరు చేస్తారో ముందే తేల్చమనండి. మన స్త్రీలకు కష్టపడటం ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ కష్టం ఎవరి ఖాతాలో పడుతోందో అడగటమే నేర్చుకోవాలి.