తెలుగు కోసం రెండు నొక్కండి

(మండల మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కొత్త యంత్రాల గురించి పెద్దదాన్ని కదా అని నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. యంత్రాలంటే నాకు పగ అనుకుని పిలిచారేమో! ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశాను. నాకు అన్నం పెట్టింది యంత్రమే.

కాకపోతే ఆ యంత్రంలో మేమున్నాం. అప్పట్లో పైఊరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలకొద్దీ కూర్చోవాలి. తొందరైతే అర్జెంటు, ప్రాణం మీదికొస్తే లైట్నింగ్ కాల్. మూడు నిమిషాలు కాగానే "టైమైంది, పొడిగించమంటారా?" అని మేం మధ్యలో దూరేవాళ్లం. ఆడపిల్ల పుట్టిందన్న కబురు ఒక్కోసారి తండ్రి కంటే మాకే ముందు తెలిసేది. పుట్టింటికి కాల్ బుక్ చేసి, గొంతు పూడుకుపోయి నంబరు కూడా చెప్పలేని పిల్లలు ఉండేవాళ్లు. "ఉండమ్మా, కలుపుతున్నా, పెట్టెయ్యకు" అనేవాళ్లం. ఆ మాట డిపార్టుమెంటు రూల్సులో ఎక్కడా లేదు.

తర్వాత ఎస్టీడీ వచ్చింది, మా బోర్డులు పోయాయి. నన్ను 197 ఎంక్వయిరీకి మార్చారు. నేనేం ఏడవలేదు. మధ్యలో ఎవరూ వినకుండా అమ్మతో మాట్లాడుకునే వీలు ఆడదానికి వచ్చిందంటే మంచిదే కదా. 2013 జూలైలో టెలిగ్రాం ఆగిపోయినప్పుడూ బాధపడలేదు. టెలిగ్రాం అనగానే, విప్పకముందే ఏడుపు మొదలుపెట్టిన ఇళ్లు నాకు తెలుసు.

మొన్న పెన్షను విషయమై బ్యాంకుకు ఫోన్ చేశాను. ఏ బ్యాంకో చెప్పను. "తెలుగు కోసం రెండు నొక్కండి" అంది ఒకమ్మాయి. నొక్కాను. దీనికి మూడు, దానికి నాలుగు అంటూ తిప్పి తిప్పి మళ్లీ మొదటికే తెచ్చింది. విసుగొచ్చి "భోంచేశావా అమ్మా?" అని అడిగాను. "మీరు ఏ అంకే నొక్కలేదు" అంది. మా ఎక్స్ఛేంజిలో ఎవరైనా ఇలా మాట్లాడితే మెమో ఇచ్చేవారు!

నవ్వారు, సంతోషం. ఇప్పుడు రేషను షాపుకి పోదాం. దొంగ కార్డులు తగ్గాయంటారు, కాదనను. కానీ మిరపకాయలు కోసి, ఇటుకలు మోసి, అంట్లు తోమి అరిగిపోయిన వేళ్లను మిషను గుర్తుపట్టదు. డీలరు ఆమెను చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడే. "నువ్వేనని నాకు తెలుసు పెద్దమ్మా, మిషనే ఒప్పుకోవడం లేదు" అంటాడు. వేలిముద్ర పడనంత మాత్రాన అర్హులకు లేదనబోమని ఆధార్ కేసులో ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు చెప్పింది. 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో ఆ మాట ఉంది. ఆ పేజీ జిరాక్సు తీసి సంచిలో పెట్టుకోండి. మిషనుకి చదవడం రాదు గానీ, తహసీల్దారుకి వచ్చు.

నాకు అంతకంటే భయం వేసేది ఓటీపీ. ఖాతా ఆమెది, కష్టం ఆమెది, ఫోను కొడుకుది. అంకెలు వచ్చేది అతని జేబులోకి. డబ్బు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో ఆమెకి తెలియదు. ఫోను కొనుక్కుందామంటే "నీకెందుకే ముసలిదానా" అంటారు. వెనక బ్యాంకు గుమస్తా ముందు నిలబడి వేలిముద్ర వేసేది. ఆ గుమస్తాలేమీ దేవుళ్లు కారు. చదువురాని మనిషిని చీదరించుకున్న వాళ్లను నేనూ చూశాను. కానీ చీదరించుకున్న వాడితో పోట్లాడొచ్చు. నలుగురూ పోగవుతారు, మేనేజరు బయటికొస్తాడు. "సర్వర్ డౌన్" అన్న దానితో ఎవరు పోట్లాడతారు?

వరసలో నిలబడటం గొప్ప సుఖమని నేననను, కాళ్లు పీకుతాయి. అయితే ఎవరి మొగుడు కొట్టాడో, ఎవరికి పింఛను ఆగిందో మనకు తెలిసేది అక్కడే. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారంటే, అంతకు ముందు రాత్రిబడిలో పక్కపక్కన కూర్చున్నారు. ఒకరి గోడు ఒకరు విన్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అన్నీ ఇంట్లో కూర్చుని నొక్కేసుకుంటుంటే ఆ పక్కన కూర్చోవడం ఎక్కడ జరగాలో నాకు తోచడం లేదు. మీరే చెప్పాలి.

కార్యకర్తలను ఒక్కటి అడుగుతాను. ఈసారి సంఘం సమావేశంలో పొదుపు లెక్కలయ్యాక, ఒక్కొక్కరి పాసుపుస్తకం తీయించి, ఖాతాకు ఎవరి ఫోను నంబరు కట్టి ఉందో రాయండి. కొడుకుదో మొగుడిదో అయితే, మార్పించుకోవాలని ఆమె అనుకుంటే, తోడుగా బ్యాంకుకు వెళ్లండి. "ఆన్‌లైన్లో చేసుకోండి" అంటే కదలకండి. బెంచీలున్నాయిగా, కూర్చోండి.

నా నంబరు మీ కార్యదర్శి దగ్గరుంది. చేస్తే నేనే ఎత్తుతాను. మధ్యాహ్నం రెండు నుంచి మూడు మాత్రం నిద్ర.