మయాన్ గ్రామము - మిస్త్రాల్ మహాకవి
(సంఘ సభయందు గావించిన ప్రసంగ పాఠము)



నేడు ఫ్రాన్సు దేశమందలి ఒక పల్లెను గూర్చి మనవి చేయుదును. మేయరును, సభయును గల గ్రామ పాలనా విభాగమును అచ్చట కొమ్యూన్ అందురు. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలోనుండిన యానాము వారికీ మాట పరిచితమే. అట్టివి ఫ్రాన్సులో సుమారు 35 వేలు కలవు. వానిలో మయాన్ ఒకటి. జనసంఖ్య సుమారు 2,500.

ఇది దక్షిణమున ప్రోవాన్స్ సీమలో, రోన్ నదికి తూర్పుగా, ఆల్పీయ్ కొండలకు ఉత్తరమున గల మైదానమందున్నది. ఉత్తరమునుండి మిస్త్రాల్ అను చలిగాలి తీవ్రముగా వీచును. అందుచే రైతులు పొలముల గట్లవెంట తూర్పు పడమరలుగా సైప్రస్ చెట్లను దట్టముగా నాటి, ఆ చాటున కూరగాయలు పండింతురు.

ఆ గాలి పేరే యింటిపేరుగా గల ఫ్రెడెరిక్ మిస్త్రాల్ 1830లో ఇచ్చటి రైతు కుటుంబమున జన్మించెను. ఇంటను, పొలమునను ప్రోవాన్సాల్ భాష. బడిలోను, కచేరీలోను ఫ్రెంచి. 1851లో న్యాయశాస్త్ర పట్టము పొందియు ఆయన వకీలు వృత్తి చేపట్టక, మాతృభాషా సేవకై స్వగ్రామమున నిలిచెను. 1854లో మరి ఆర్గురు కవులతో గూడి ఫెలిబ్రిజ్ సంఘమును స్థాపించెను. 1859లో, కలిగిన రైతు కూతునకును బుట్టలల్లువాని కొడుకునకును గల ప్రేమను 12 సర్గల 'మిరేయో' కావ్యముగా వెలయించెను. పిదప రెండు పెద్ద సంపుటముల నిఘంటువును కూర్చెను. 1904లో నోబెల్ బహుమానమును స్పెయిన్ నాటకకర్త ఎచెగరాయ్‌తో పంచుకొని, ఆ ద్రవ్యమును ఆర్ల్ పట్టణమున తాను నెలకొల్పిన ప్రదర్శనశాలకు వినియోగించెను. పల్లెవాసుల దుస్తులు, పనిముట్లు అందు భద్రపరుపబడినవి. 1914లో మయాన్‌లోనే కన్నుమూసెను. ఆయన గృహము నేడు ప్రదర్శనశాల. సమాధియు ఆ గ్రామమందే కలదు.

ఇంత జరిగియు ఆ భాష గతి యేమి? ప్రాంతీయ భాషలను బడులలో నేర్పుటకు ఫ్రెంచి చట్టము 1951లో గాని అనుమతింపలేదు. అప్పటికే పెక్కు యిండ్లలో తల్లులు బిడ్డలతో ఫ్రెంచి పలుకుచుండిరి. 2010లో యునెస్కో ప్రోవాన్సాల్‌ను తీవ్రముగా ప్రమాదమందున్న భాషలలో చేర్చినది. అనగా, తాతలు మాటలాడుదురు. తలిదండ్రులు గ్రహింతురు గాని బిడ్డలతో పలుకరు.

కావ్యమున్నది, నిఘంటువున్నది, బహుమానమున్నది. కొరవడినది భోజనమువేళ బిడ్డతో ఆడు మాట. తెలుగు బడికై, ఉపాధ్యాయునికై మనము అర్జీలు పెట్టుట ఆవశ్యకమే, మానరాదు. కాని యే ప్రభుత్వపు అనుమతియు అక్కరలేని బడి యొకటి మన ప్రతి యింటను కలదు. అది మూతవడకుండ చూచు భారము మనదే.