చేతిఫోను - ఇంటిగుట్టు

(ఘంటసాలలో పంచాయతీ సభ్యుల సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)



నేడు నేను చెప్పదలచిన విషయము కాలువ పూడికకు గాని, ఇంటిపన్నుకు గాని సంబంధించినది కాదు. అయినను పంచాయతీ సభ్యుని గడప తొక్కక మానని విషయమిది. స్మార్టు ఫోనులో మనమేమి వెదకితిమో, ఏ యే పుటలు తెరచి చూచితిమో, ఆ జాబితాను తేదీతోను, వేళతోను ఫోను తనలో వ్రాసి ఉంచుకొనుచున్నది. దీనిని బ్రౌజింగు హిస్టరీ యందురు. తెలుగులో వాడు ఫోనులలో 'చరిత్ర' యని కనబడును. రాజుల చరిత్రవలె ఇది పరులు చదువుటకు వ్రాసినది కాదు. కాని ఫోను చేతబట్టిన ప్రతివాడును దానిని చదువగలడు.

ఈ ప్రాంతపు రైతు వరి కోసిన మాగాణిలో మినుము పండించును. పైరుకు పల్లాకు తెగులు తగిలినచో పూర్వము పొరుగు రైతునో, ఇక్కడి కృషి విజ్ఞాన కేంద్రమువారినో అడిగెడివాడు. ఇప్పుడు వారితోపాటు ఫోనునుగూడ అడుగుచున్నాడు. ఆ జాడ ఇతరుల కంటబడినందువలన అతనికి నష్టమేమియు లేదు. మహా అయినచో నాలుగు దినములు పురుగు మందుల ప్రకటనలు వెంటబడును. కాని అదే ఫోను సాయంకాలము కోడలి చేతికి వచ్చును. ఆమె కాన్పుల మధ్య ఎడము గురించి తెలిసికొనగోరును. విడువని దగ్గు క్షయయేమో యని పెద్దాయన వెదకును. అప్పు యాప్‌లో చిక్కుకొన్న కుర్రవాడు దానినుండి బయటపడు దారికై వెదకును. మరియొక ఇంట భర్త దెబ్బలు పడుచున్న స్త్రీ, తనకు చట్టము ఏమి రక్షణ యిచ్చునో చూడగోరును. పట్టణములలో ఎవరి ఫోను వారికుండవచ్చును. మన ఇండ్లలో ఒకే ఫోను నలుగురి చేతులు మారును. ఎవరో చూచెదరను భయము కలిగిననాడు ఆమె వెదకుట మానును, ఆ పెద్దాయన ఆసుపత్రికి పోవుట ఆలస్యమగును. నష్టమంతయు ఇక్కడనే యున్నది. తప్పు చేసినవాడే దాచుకొనునని కొందరందురు. నేనంగీకరింపను. తలుపు వేసికొని స్నానము చేయువాడు దొంగ కాడు గదా!

ఈ హక్కు మనకు ఊరక రాలేదు. దాని వెనుక మన తెలుగువారి పాలు గణనీయముగా నున్నది. ఉత్తరప్రదేశమున పోలీసులు ఖరక్ సింగ్ అను వాని ఇంటికి అర్ధరాత్రి వేళలందు వచ్చి తలుపు తట్టుచు, అతని రాకపోకలపై నిఘా వేసిరి. ఆ వ్యాజ్యమున 1962లో సుప్రీం కోర్టు రాత్రి సోదాలను కొట్టివేసినను, గోప్యత రాజ్యాంగమిచ్చిన హక్కు కాదని అధిక సంఖ్యాకులైన న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. రాజమహేంద్రవరమునకు చెందిన జస్టిస్ కోకా సుబ్బారావుగారు దీనికి సమ్మతింపక, గోప్యత లేని స్వేచ్ఛ స్వేచ్ఛయే కాదను భావముతో వేరుగా తీర్పు వ్రాసిరి. ఆ మాట పుస్తకములలో నిలిచి యుండెను గాని చాలకాలము చట్టము కాలేదు.

అటుపిమ్మట ఆధార్ విషయమై కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ పుట్టస్వామిగారు 2012లో వ్యాజ్యము వేసిరి. 2015 ఆగస్టులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము, గోప్యత హక్కా కాదా యను ప్రశ్నను పెద్ద ధర్మాసనమునకు నివేదించెను. ఆ ముగ్గురికి పెద్దగా కూర్చున్నవారు జస్టిస్ జాస్తి చలమేశ్వర్‌గారు. వారి స్వగ్రామము మనకు పొరుగుననే యున్న మొవ్వ మండలములోని పెదముత్తేవి యని మీలో అనేకులెరుగుదురు. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా, గోప్యత రాజ్యాంగపు 21వ అధికరణము క్రింద ప్రాథమిక హక్కేయని తీర్పునిచ్చిరి. చలమేశ్వర్‌గారు ఆ తొమ్మండుగురిలో నొకరై ప్రత్యేకముగా తమ అభిప్రాయమును వ్రాసిరి. ఇతరుల కంటికి దూరముగా నుండుట, తన చోటు తనకుండుట, సొంత బ్రదుకు విషయములను తానే నిర్ణయించుకొనుట - ఈ మూడును గోప్యతలోని భాగములని వారి ఆశయము. సుబ్బారావుగారి పలుకు 55 సంవత్సరములకు నెగ్గినది. పొరుగూరివాడు చెప్పిన తీర్పు మన ఊరిలో అమలు కాకున్నచో అది మనకే లోటు.

ఈ తీర్పు వచ్చిన ఆరేండ్లకు, 2023లో, పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చేసినది. మన సమాచారమును సేకరించు సంస్థ ఏ పనికొరకు తీసికొనుచున్నదో చెప్పి, మన సమ్మతి పొందవలయును. పని తీరిన పిమ్మట తుడిచివేయుమని మనము కోరవచ్చును. 18 ఏండ్లు నిండని పిల్లల విషయమున తలిదండ్రుల సమ్మతి కావలయును. తప్పిన సంస్థకు 250 కోట్ల రూపాయలవరకు జరిమానా కలదు. దీని నియమావళి 2025 నవంబరులో ప్రకటింపబడినది. అందలి ప్రధాన విధులు 18 మాసములకు అమలులోనికి వచ్చునట్లు గడువిచ్చిరి.

ఇక్కడ ఒక మెలిక యున్నది. ఇంటివారు ఇంటి పనికై సమాచారమును వాడుకొనుట ఈ చట్టమునకు లోబడదు. మామగారు కోడలి ఫోను తెరచి చూచినచో ఈ చట్టము పలుకదు. అక్కడ పలుకవలసినవారు మీరే. దంపతుల తగవునో, ప్రేమ వివాహమునో పెద్దమనుష్యుల ముందుకు తెచ్చినప్పుడు, "ఏదీ, ఆ ఫోను ఇక్కడ పెట్టించుడు" అను మాట మన పల్లెలలో వినవచ్చుచున్నది. ఆ మాట సభ్యుని నోట రాకూడదు. ఫోను చూడవలసిన నేరమే జరిగినచో దానికి పోలీసులు, న్యాయస్థానము, వారి పద్ధతి వేరుగా నున్నవి.

ఇక ఉపాయములకు వత్తును. అన్నిటికన్న ముందు చూడవలసినది ఖాతా. క్రొత్త ఫోను కొన్నప్పుడు అంగడివాడే జీమెయిలు ఖాతా తెరచి, రహస్యపదము తానే పెట్టి ఇచ్చుట పరిపాటి. అదే ఖాతాతో ఎచ్చట మరియొక ఫోను తెరచినను, అనుసంధానము చేసియున్నచో, మీరు చూచిన జాబితా అచ్చటకూడ కనబడవచ్చును. కాబట్టి రహస్యపదమును మీరే మార్చుకొనుడు. మీ ఖాతా ఏ యే పరికరములలో తెరచి యున్నదో అమరికలలో చూచి, ఎరుగని వానిని తొలగించుడు. ఇంటి తాళపుచెవి వడ్రంగివద్ద విడిచి రాము గదా!

క్రోమ్‌లో పైమూలనున్న మూడు చుక్కలను నొక్కినచో 'చరిత్ర' కనబడును. అందులో ఒక్కొక్క పద్దునైనను, మొత్తమునైనను తుడిచివేయవచ్చును. అయితే యూట్యూబు జాబితా వేరు, గూగుల్ ఖాతాలో నిలువయుండు జాబితా వేరు. ఫోనులో తుడిచినంతమాత్రమున అవి పోకపోవచ్చును. ఖాతాలోని జాబితా 3 మాసములకు, లేదా 18 మాసములకు తనంతట తాను చెరిగిపోవునట్లు అమర్చుకొను వీలున్నది. ఉమ్మడి ఫోను వాడు ఇంట 'అజ్ఞాత ట్యాబ్' మరింత సుకరము. అందులో చూచినవి, ఆ ట్యాబ్ మూసిన పిమ్మట ఫోను చరిత్రలో నిలువవు. దిగుమతి చేసికొన్న దస్త్రములు మాత్రము నిలుచును.

అజ్ఞాతమన్న పేరు చూచి అదృశ్యమైపోయితిమని భ్రమపడరాదు. ఇంటివారికి కనబడకుండ చేయునే గాని, మీరు చూచిన సంస్థకును, ఇంటర్నెట్టు ఇచ్చు కంపెనీకిని జాడ తెలియును. ఈ భ్రమ గురించియే అమెరికాలో గూగుల్‌పై 2020లో దావా పడినది. 2024లో రాజీపడి, కోట్లాది పద్దులను నాశనము చేయుటకు ఆ సంస్థ అంగీకరించినది.

తుడువరాని సందర్భ మొకటి కలదు. మోసగాని లంకెను నొక్కి డబ్బు పోగొట్టుకొన్నవాడు సిగ్గుపడి అంతయు చెరిపివేయుట సహజము. అట్లు చేసినచో సాక్ష్యము పోవును. సందేశములను, చరిత్రను అట్లే యుంచి వెంటనే 1930కి ఫోను చేయవలయును. ఆలస్యమైనకొలది డబ్బు చేతులు మారును. మీవద్దకు వచ్చినవానిని మందలింపక ముందు ఆ సంఖ్య నొక్కించుడు. హింస ననుభవించు స్త్రీలకు 181 కలదు. అయితే ఆ సంఖ్యకు చేసిన పిలుపు ఫోనులోని కాల్ జాబితాలో నిలుచునని, అది వేరుగా తుడువవలసినదని ఆమెకు తెలియజెప్పుడు.

పంచాయతీ కార్యాలయపు కంప్యూటరునకును ఇదియే వర్తించును. దరఖాస్తు నింపుటకు వచ్చినవారి ఫోనులో ఆ పనికి కావలసినది మాత్రము చూచి, పని కాగానే ఖాతానుండి బయటికి వచ్చి, వారి ఎదుటనే ఫోనును వారి చేతికీయవలయును.

కాఫీ అనంతరము ఈ బల్లవద్ద ఇద్దరు సహాయకులు కూర్చుందురు. రహస్యపదము తెలియనివారు, అంగడివాని ఖాతాతో నడుపుచున్నవారు ముందుగా రావలయును. మీ ఫోనును మీ చేతనే పట్టుకొనుడు. ఎక్కడ నొక్కవలెనో వారు చెప్పుదురు.