బోరు వంతుకు కోర్టు మెట్లెందుకు?

తొలకరి పడితే వజ్రకరూరు చేలల్లో జనం వజ్రాలు వెతుకుతారు. వజ్రమైనా దొరకొచ్చేమో గానీ, నీళ్ల దగ్గర చెడిన అన్నదమ్ముల పొత్తు మళ్లీ దొరకడం కష్టం.

ఒకే బోరులో ఇద్దరికీ వాటా ఉందనుకుందాం. అన్న వేరుశనగ వాడిపోతోంది, తమ్ముడి మిరప తల వాల్చింది. కరెంటు ఉండేది కొన్ని గంటలే. దావా వేస్తే ఏళ్లు పడుతుంది, పంట ఆగదు. అలాంటప్పుడు ఉన్న దారి మధ్యవర్తిత్వం. రచ్చబండ పెద్దలు తీర్పు చెబుతారు, మధ్యవర్తి చెప్పడు. ఇద్దరితో విడివిడిగా, ఆపై కలిపి మాట్లాడతాడు. అక్కడి మాట బయటికి పోదు. చివరికి వంతుల లెక్క వాళ్లే కాగితం మీద రాసుకుంటారు.

ఆలుమగల తగువుకూ, జీతం బాకీకీ ఇదే దారి. 3 లక్షల రూపాయలు, ఆపై విలువ ఉన్న వాణిజ్య వివాదమైతే, అత్యవసర ఉత్తర్వులు కోరనప్పుడు, దావాకు ముందే మధ్యవర్తిత్వానికి వెళ్లాలని 2018 నుంచి చట్టమే చెబుతోంది. ఇక ఇప్పటికే కోర్టులో ఉన్న కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన ఫీజు వెనక్కి వస్తుంది. ఆ రాజీ తీర్పుపై అప్పీలు ఉండదు.

కొట్టడం, బెదిరించడం ఉన్నచోట మాత్రం రాజీకి తల వంచకండి. ఉచిత న్యాయ సలహాకు 15100కు ఫోన్ చేయండి.