పాటకు పట్టాదారు ఎవరు?



మన యూళ్లలో భూమికి పట్టా కలదు. పొరుగువాడు గట్టు దాటి ఒక్క సాలు దున్నినను తగవు పెద్దమనుష్యుల యొద్దకు వచ్చును. పహాణీ చూతురు, గొలుసు వేయించి కొలిపింతురు. కాని అదే యూరిలో ఒక గాయకుడు కట్టిన పాటను పట్టణమువాడొకడు పట్టుకొనిపోయి అమ్ముకొన్నచో, అది తగవని యెవరికిని తోచదు. పాట గాలివంటిది, గాలికి గట్లెక్కడివని మన తలంపు. చట్టము తలంపు వేరు. పాటకును గట్లు కలవు. అవి యెట్టివో, వానిని కాపాడుటలో గ్రామపెద్దలు చేయదగిన సాయమేదో మనవి చేయుటయే నేటి ప్రసంగమునకు ఉద్దేశము.

ముందుగా మన ప్రాంతపు కవి నొకరిని స్మరింతము. చందాల కేశవదాసుగారు 1876వ సంవత్సరమున ఖమ్మము చెంత జక్కేపల్లి గ్రామమున జన్మించిరి. 1953 వరకు ఖమ్మము వరంగల్లు జిల్లాలోనిదే గనుక ఆయనను మన జిల్లావారనుట తప్పు గాదు. హరికథలు చెప్పిరి, నాటకములు రచించిరి. 1932లో హెచ్. ఎం. రెడ్డిగారి దర్శకత్వమున వెలువడిన తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’కు పాటలు వ్రాసినది వారే. ఆయన ‘కనకతార’ నాటకములోని ప్రార్థన గీతము తెలుగునాట నాటకము చూచిన ప్రతివారి చెవిని బడినదే. ఏ కంపెనీవారు ఏ నాటకమాడినను, తెర లేచుటకు ముందు నటులెల్లరు బారులు తీరి ఆ గీతమునే పాడెడివారు. పాట దేశమెల్ల తిరిగినది. పాట వెంట కర్త పేరు మాత్రము తిరుగలేదు. పాడినవారిలోను విన్నవారిలోను అది ఎవరి రచన యని యెరిగినవారు కొలదిమందియే. దాసుగారు 1956లో కీర్తిశేషులైరి.

ఇట్టి కర్తకు చట్టమేమి చెప్పుచున్నది? స్వతంత్ర భారతమున 1957లో కాపీరైటు చట్టము చేయబడెను. దాని ప్రకారము పాట వ్రాసిన నాడే హక్కు పుట్టును. రిజిష్టరు చేయించుట మంచిదే గాని, చేయింపనంత మాత్రమున హక్కు పోదు. కర్త జీవించినంత కాలమును, ఆయన గతించిన పిమ్మట అరువది సంవత్సరములును ఆ హక్కు నిలుచును. ఈ లెక్కను దాసుగారి రచనల హక్కు 2016వ సంవత్సరాంతముతో ముగిసినది. నేడు వానిని ఎవరైనను పాడవచ్చును, అచ్చువేయవచ్చును. అయితే సొమ్ము వేరు, పేరు వేరు. ఈ రచన నాది యని చెప్పుకొను హక్కు కర్తకు వేరుగా కలదు. రచనను అమ్మివేసినను ఆ హక్కు అమ్ముడు పోదు. 2012లో చట్టమును సవరించిన తరువాత, కర్త గతించినను ఆయన పేరు నిలుపుమని వారసులు కోరవచ్చును.

ఇక సొమ్ము సంగతి. పొలమును అమ్ముట వేరు, కౌలునకిచ్చుట వేరని మీకు వేరుగ చెప్పనేల? పాటయు నంతే. కొంతకాలము పాడుకొనుట కనుమతించుట కౌలు వంటిది. హక్కు వ్రాసియిచ్చుట క్రయము వంటిది. సినిమాలకు వ్రాసినవారు చిరకాలము ఈ భేదము తెలియకనే నష్టపోయిరి. 1977లో సుప్రీముకోర్టు నెదుటికి కవుల, సంగీతకర్తల సంఘమునకును, చలనచిత్ర నిర్మాతల సంఘమునకును నడచిన వ్యాజ్యము వచ్చెను. నిర్మాత ప్రతిఫలమిచ్చి పాట వ్రాయించుకొన్నచో, వేరు ఒడంబడిక లేనియెడల, ఆ పాటకు మొదటి యజమాని నిర్మాతయే యని కోర్టు తీర్పు చెప్పెను. పాడిన గాయకునకు చట్టమున ఏ హక్కును లేకుండుటను గుర్తించి, జస్టిసు కృష్ణయ్యరుగారు చట్టసభలు ఈ విషయము నాలోచింపవలెనని సూచించిరి.

ఆ సూచన ఫలించుటకు పదునేడేండ్లు పట్టినది. 1994లో చట్టమును సవరించి ప్రదర్శకులకు హక్కు కల్పించిరి. ప్రదర్శకుడనగా సినిమా నటుడు మాత్రమే కాదు. గాయకుడు, నర్తకుడు, వాద్యకాడు, గడపై నాడువాడు, గారడీవాడు, పాములాడించువాడు, తుదకు ఉపన్యాసకుడు సైతము ప్రదర్శకుడేయని చట్టము పేరుపేరున చెప్పుచున్నది. మన సంతలలోను జాతరలలోను బ్రదుకు వెళ్లదీయు వారినెల్ల చట్టము తలచినదన్నమాట.

ఒగ్గుకథనే తీసికొనుడు. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గువారు చెప్పు మల్లన్న కథ తాతముత్తాతల నాటిది. దానికి యజమాని లేడు, ఎవరైనను చెప్పవచ్చును. అయినను ఈ రాత్రి ఈ కథకుడు, ఈ డోళ్లతో, తన గొంతుతో చెప్పిన చెప్పుట ఉన్నదే, అది ఆయన సొంతము. బావి ఊరందరిదైనను, చేది కుండలో పోసికొన్న నీరు చేదినవానిది కదా! ఆయన సమ్మతి లేక ఆ ప్రదర్శనమును వ్యాపారమునకై పట్టి అమ్ముటకు ఇతరులకు హక్కు లేదు. ఏబది సంవత్సరముల వరకు ఈ రక్షణ యుండును. ఇంటిలో తాను చూచుకొనుటకో, బడిలో పాఠము చెప్పుటకో పట్టుకొన్నచో దోషము లేదు. సెల్‌ఫోనున్న ప్రతివాడును కథను పట్టి యూట్యూబున పెట్టి సొమ్ము చేసికొనగల ఈ రోజులలో, ఈ భేదము తెలిసియుండుట అవసరము.

2012 సవరణము మరికొంత మేలు చేసినది. సినిమాకు పాట వ్రాసినవారును, బాణీ కట్టినవారును, ఆ పాట సినిమాహాలులో గాక మరియొకచోట వినియోగింపబడినపుడు వచ్చు రాయల్టీలో తమ సమభాగమును వదులుకొనినట్లు వ్రాసియిచ్చినను ఆ వ్రాత చెల్లదు. పాడినవారికిని వ్యాపారపు వినియోగమున రాయల్టీ కోరు హక్కు ఏర్పడినది.

ఇదంతయు వినిన పిమ్మట, రామనవమి పందిటిలో భజన చేసినను, పెండ్లి ఊరేగింపులో బాజాలు వాయించినను ఎవరైనను వచ్చి సొమ్మడుగుదురేమో యని భయపడవలదు. పెండ్లియు, పెండ్లికి సంబంధించిన వేడుకలును, దైవకార్యములును మినహాయింపులోనివి. పెండ్లిపాటలకు అనుమతి రుసుము కట్టనవసరము లేదని 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వము వారు మరల ప్రకటించిరి. ఊరి కుర్రవాండ్రు సంఘముగా చేరి, టిక్కెట్టు పెట్టక నాటకమాడినను, దేవాలయపు మేలునకై ఆడినను తప్పు లేదు. టిక్కెట్టు పెట్టి లాభమునకై ఆడినపుడు మాత్రము హక్కుదారుని అనుమతి పొందవలెను.

పాట తరువాత గొంతు. వరంగల్లు మట్టెవాడలో 1932లో జన్మించిన నేరెళ్ల వేణుమాధవుగారు ఎందరి గొంతులనో తమ గొంతున పలికించి, 2001లో పద్మశ్రీ పొంది, 2018లో కీర్తిశేషులైరి. వారిది కళ, వేదికపై నిలిచి, ఇది అనుకరణమని అందరకు తెలియునట్లుగా చేసిన విద్య. నేడు యంత్రము ఒకని గొంతును నేర్చి, ఆతడు పాడని పాటను ఆతడు పాడినట్లే పాడుచున్నది. 2024లో గాయకుడు అరిజిత్ సింగు బొంబాయి హైకోర్టు నాశ్రయింపగా, ఆయన సమ్మతి లేక ఆ గొంతును యంత్రములచే పలికించి వ్యాపారము చేయరాదని కోర్టు ఉత్తరువిచ్చినది. పేరున్నవారికి కోర్టుమెట్లు దగ్గర. చిందు భాగవతునికో, బీద గాయకురాలికో అవి దూరము. ఆ దూరమును తగ్గించువారు గ్రామపెద్దలే.

ఎట్లందురా? పట్టణమునుండి వచ్చిన కాగితముపై వ్రేలిముద్ర వేయుటకు ముందు కళాకారుడు దానిని మీ చేతికే యిచ్చి చదివి చెప్పుమనును. సాక్షి సంతకమును మీదే. నోటిమాట నీటిమూట యని పెద్దల మాట. హక్కును బదలాయించుట వ్రాతమూలముగా, సంతకముతో జరుగవలెనని చట్టమే శాసించుచున్నది. కావున కాగితములో నాలుగు సంగతులు చూడుడు: ఏ పాట, ఎంతకాలము, ఎంత మేర, ఎంత సొమ్ము. కాలము వ్రాయనిచో అయిదేండ్లే యనియు, మేర వ్రాయనిచో భారతదేశము వరకే యనియు చట్టము భావించును. వేరు షరతు లేనిచో, తీసికొన్నవాడు ఏడాదిలో హక్కును వినియోగింపకున్నయెడల అది తిరిగి వచ్చును. కాగితము వ్రాసిన నాటికి లేని సాధనము, తరువాత పుట్టినది, కాగితములో ప్రత్యేకముగా పేర్కొననిచో అందులో చేరదు. “సర్వహక్కులు శాశ్వతముగా” అను మాట కనబడినచో అచ్చటనే ఆగి, వకీలు సలహా పొందుడు.

అన్యాయము జరిగినచో మదరాసుకో బొంబాయికో పోనక్కరలేదు. తాను నివసించు చోటనే నష్టము కలిగియున్నయెడల కళాకారుడు తన జిల్లాకోర్టులోనే దావా వేయవచ్చును. తెలిసి చేసిన ఉల్లంఘనమునకు ఆరు నెలల నుండి మూడేండ్ల వరకు ఖైదును, జుల్మానాయు విధింపవచ్చును. వకీలు ఫీజునకు సొమ్ము లేకున్న జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలదు. 1987 నాటి చట్టముచేత షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, స్త్రీలకు వారి ఆదాయముతో నిమిత్తము లేక అచ్చట ఉచిత సహాయము లభించును.

పెద్దలారా! మీ యూరిలో పాట కట్టువారెవరు, కథ చెప్పువారెవరు? వారి పేరు, పాట పేరు, కట్టిన సంవత్సరము ఒక పుస్తకమున వ్రాయించి, తేదీ వేసి, ఇద్దరు సాక్షుల సంతకములు పెట్టించుడు. ఇది ప్రభుత్వపు పట్టా కాదు గాని, తగవు వచ్చిన నాడు సాక్ష్యముగా ఉపకరించును. కేశవదాసుగారి పాట వలె మరియొక పాట పేరు లేక తిరుగకుండుటకు మొదటి కట్టుబాటు గ్రామమున జరుగవలెను. అందుకు వలసినవి ఒక పుస్తకమును, ఒక కలమును, మీ శ్రద్ధయును.