రాబోవు ఏటి దూరపు సైకిలు యాత్రలు: ఎంపిక

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కేంద్ర ప్రభుత్వోద్యోగికిని సైకిలునకును గల చుట్టరికము నేటిది కాదు. ఢిల్లీ నగరమున ఉదయము పది గంటలు కావచ్చు వేళ సచివాలయ ద్వారముల కడకు సైకిళ్ళు బారులు తీరి వచ్చిన దినములను ఈ సభలోని పెద్దలు కొందరైనను ఎరుగుదురు. వెనుక క్యారియరుపై భోజనపు డబ్బా, హ్యాండిలునకు గుడ్డసంచి, ప్యాంటు అంచునకు క్లిప్పు: ఇది ఆనాటి గుమాస్తా వేషము. పిమ్మట స్కూటరు వచ్చెను, బస్సు వచ్చెను, మెట్రో వచ్చెను. సైకిలు వరండాలో మూలబడెను. గడచిన పదిపదిహేనేండ్లలో అదియే వేఱొక రూపమున తిరిగి వచ్చినది. ఈమారు కార్యాలయమునకు పోవుటకు గాదు. ఒక్క దినమున రెండువందల కిలోమీటర్లు, రెండు దినములలో ఆరువందల కిలోమీటర్లు పోయి వచ్చుటకు.

ఇట్టి యాత్రలను ఏర్పాటు చేయు సంఘములు నేడు దేశమున అనేకములు. వాటి తేదీల పట్టిక వెలువడగానే ఉత్సాహవంతుని కన్ను అన్నిటిని కోరును. పెండ్లి పంక్తిలో విస్తరి ముందు కూర్చున్న పిల్లవానివలె వడ్డించినదెల్ల వేయించుకొనును. లేచునప్పటికి సగము విస్తరిలోనే మిగిలియుండును. తొక్కుట యెట్లో నేర్పువారు చాలమంది కలరు. ఏవి తొక్కవలెను, ఏవి మానవలెను అను విషయమునే ఇచ్చట ముచ్చటించుట ఉద్దేశము.

ఈ యాత్రలకు మూలస్థానము ఫ్రాన్సు. 1891లో ఒక పత్రికవారు పారిస్ నుండి పడమటి సముద్రతీరమున గల బ్రెస్ట్ రేవునకు పోయి మరల పారిస్ చేరవలెనని పందెము పెట్టిరి. రానుపోను సుమారు 1,200 కిలోమీటర్లు. షార్ల్ టెరాన్ అనునతడు 71 గంటలకు పైచిలుకు కాలములో, దాదాపు నిద్ర యెరుగక, దానిని గెలిచెను. ఆ పందెము పదేండ్లకొకమారు జరుగుచుండెను. 1910లో ఒక మిఠాయి వర్తకుడు ఈ పందెము పేర చక్రాకారపు తినుబండారమును గూడ చేసెను. పారిస్-బ్రెస్ట్ అను ఆ మిఠాయి నేటికిని అమ్ముడుపోవుచున్నది. వృత్తి పందెగాండ్ర పోటీ 1951తో అంతరించెను. 1931 నుండి దాని ప్రక్కనే నడచుచు వచ్చిన సామాన్యుల యాత్ర మాత్రము నిలిచెను. 1904లో పుట్టిన ఆడాక్స్ క్లబ్ పారిసియాన్ అను సంఘము దానిని నేడు నాలుగేండ్లకొకమారు జరుపుచున్నది. 2019లోను 2023లోను జరిగినది. తరువాతిది 2027 ఆగస్టునకు రావలసియున్నది.

ఆ సంఘము ఆమోదముతో లోకమంతట జరుగు యాత్రలకు బ్రెవే అని పేరు. మన దేశమున వీనిని ఆడాక్స్ ఇండియా రాండొన్యూర్స్ అను సంస్థ పర్యవేక్షించుచున్నది. ఇందులో ప్రథమ ద్వితీయ స్థానములు లేవు. కాలపరిమితి యొక్కటే కలదు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40, 1,000కి 75, 1,200కు 90 గంటలు. ఆరువందల వఱకు లెక్క కట్టినచో గంటకు పదునైదు కిలోమీటర్లు మాత్రమే. ఈ సంఖ్య వినగానే క్రొత్తవారు నవ్వుదురు. కాని గడియారము ఎక్కడను ఆగదు. టీ త్రాగినను, పంక్చరు వేసికొన్నను, ధాబాలో రొట్టెకై వేచియున్నను, నులక మంచముపై కన్ను మూసినను ఆ కాలమంతయు ఆ పదునైదులో నుండియే పోవును. దారిలో అచ్చటచ్చట కంట్రోళ్ళు ఉండును. ఒక్కొక్క కంట్రోలునకు తెరచు వేళ, మూయు వేళ నిర్ణయింపబడియుండును. మూసిన పిదప చేరినవాని యాత్ర చెల్లదు. మరమ్మతు తనదే, ఆకలి తనదే. వెంట మోటారులో మనుష్యులను పెట్టుకొని దారిపొడవున సహాయము పొందుటకు వీలులేదు. హెల్మెటు, ముందు వెనుకల దీపములు, రాత్రివేళ మెఱయు చొక్కా తప్పనిసరి.

ఒకే సంవత్సరమున 200, 300, 400, 600 నాలుగును పూర్తి చేసినవానికి సూపర్ రాండొన్యూర్ అను గౌరవము దక్కును. ఈ లెక్కకు సంవత్సరము జనవరితో ఆరంభము కాదు. నవంబరు 1న మొదలై మరుసటి అక్టోబరు 31తో ముగియును. ప్రభుత్వమునకు ఏప్రిలు, ఇంటికి ఉగాది, సైకిలునకు నవంబరు: ఉద్యోగి మూడు పంచాంగములను ఎదుట పెట్టుకొనవలసినదే! పారిస్ యాత్రలో పాల్గొనుటకు ఆ యాత్ర జరుగు ఏటనే ఈ నాలుగును ముగించియుండవలెను. 2023లో మఱియొక నిబంధన గూడ ఉండెను. ముందటి యేట ఎవరు ఎంత దీర్ఘమైన బ్రెవే చేసిరో, వారికి అంత ముందుగా పేరు నమోదు చేసికొను అవకాశము ఇచ్చిరి. కనుక ఈ ఎంపిక ఒక్క యేటి మాట గాదు.

ఇప్పుడు ఉదాహరణకు ఢిల్లీలోని ఒక ఆంధ్రోద్యోగిని ఊహించుకొనవచ్చును. 2027 నాటికి అతనికి 52 ఏండ్లు నిండును. ఆ తరువాతి పారిస్ యాత్ర నాటికి 56, దాని తరువాతి దానికి 60. అనగా పదవీ విరమణకు లోపల అతని చేతిలోనున్నవి రెండే. మోకాలు అప్పుడప్పుడు మొరపెట్టుచున్నది. కుమార్తె పండ్రెండవ తరగతి పరీక్షలు ఫిబ్రవరి, మార్చి నెలలలో. తల్లిదండ్రులు హైదరాబాదులో ఉన్నారు. ఏటికి ఎనిమిది క్యాజువలు లీవులు, 30 దినముల ఎర్న్‌డ్ లీవు. అతడు పట్టికను చేతబట్టి కూర్చుండినప్పుడు దేనితో మొదలుపెట్టవలెను?

సాధారణముగా జనులు మొదటి తేదీతో మొదలిడుదురు. అది పొరపాటు. ఆఖరి తేదీతో మొదలిడి వెనుకకు రావలెను. ఆగస్టులో పారిస్ అనినచో వీసా, ప్రయాణము, తొంబది గంటల యాత్ర, ఒకటి రెండు దినముల విశ్రాంతి కలిపి పది పండ్రెండు దినముల ఎర్న్‌డ్ లీవు ప్రక్కన పెట్టవలెను. స్వంత పనిపై విదేశమునకు పోవు ప్రభుత్వోద్యోగి ముందుగా శాఖానుమతి పొందవలసియుండును. ఆ దస్త్రము ఎన్ని బల్లలు దిగి రావలెనో సభవారికి విడమరచి చెప్పనక్కరలేదు. అది అట్లు స్థిరపడిన పిదప దిగువనున్న నాలుగింటిని అమర్చుకొనవలెను.

అమర్చుటలో ముందుగా చూడవలసినది రుతువు. ఉత్తర హిందూస్థానమున నవంబరులో పొగ, డిసెంబరు నడుమ నుండి జనవరి చివరి వఱకు మంచు, మే జూనులలో నిప్పులు చెరుగు ఎండ. పొగలో రెండువందల కిలోమీటర్లు తొక్కుట ఊపిరితిత్తులకు చేయు ద్రోహమే. దట్టమైన మంచులో రాత్రి జాతీయరహదారిపై లారీల నడుమ నాలుగువందల కిలోమీటర్ల యాత్ర ఎంత మంచి సంఘము ఏర్పరచినను తగినది కాదు. లారీ తోలువాడు దీపమును చూడనే చూడడు. కోస్తా ఆంధ్రమున అక్టోబరు, నవంబరు నెలలలో తుపానుల భయము. దక్కను పీఠభూమిపై జనవరి రాత్రులు పొడిగా, చల్లగా, ఆకాశము తేటగా ఉండును. బ్రెవే దేశమున ఎచ్చట చేసినను చెల్లును గదా! కనుక ఆ ఉద్యోగి సంక్రాంతికి తల్లిదండ్రులను చూడబోవు ప్రయాణమునకే నాలుగువందల కిలోమీటర్ల యాత్రను, తేదీ కుదిరినచో, హైదరాబాదులో జోడించుకొనుట బుద్ధిమంతుల పని. రైలులో సైకిలును విప్పి సంచిలో కట్టి తీసికొనిపోవుట కొంత శ్రమయే. ఆ శ్రమ ఢిల్లీ మంచు కంటె మేలు.

తరువాత దారి. పట్టికలో సంఖ్యలు మాత్రమే ఉండును; దారి స్వభావము విచారించి తెలిసికొనవలెను. హైదరాబాదు నుండి శ్రీశైలమునకు రమారమి 215 కిలోమీటర్లు. నల్లమల అడవిలో పులుల అభయారణ్యము గుండ పోవు ఆ మార్గమును రాత్రి తొమ్మిది నుండి ఉదయము ఆరు వఱకు మూసివేయుదురు. మన్ననూరు గేటు కడకు ఆలస్యముగా చేరినవాడు కాలు ఎంత బలమైనదైనను అచ్చటనే ఆగవలెను. విశాఖపట్టణము నుండి అరకులోయకు నూటపదునైదు కిలోమీటర్లు మాత్రమే. కాని అనంతగిరి ఘాటు ఎక్కినవాడు చదునైన దారిలో రెండింతల దూరము పోయినవానితో సమానముగా అలయును.

ఈ దారి విషయమున కొంత నిలిచి చెప్పవలసియున్నది. 2019లో పారిస్ యాత్రకు భారతదేశము నుండి వందలకొలది జనులు పోయిరి. అంతమంది పోవుటయే గర్వింపదగిన విషయము. కాని వారిలో చాలమంది కాలపరిమితిలో తిరిగి చేరలేకపోయిరి. వీరు ధైర్యహీనులు కారు. అందఱును ఆ యేట నాలుగు బ్రెవేలను ముగించి అర్హత పొందినవారే. అచ్చటి దారి ఎక్కుడు దిగుడుల పుట్ట. పెద్ద కొండ ఒక్కటియు లేదు. చిన్న మెట్టలు లెక్కలేనన్ని. అన్నిటిని కూడినచో 11,000 మీటర్లకు పైగా ఎక్కవలెను, ఎవరెస్టు శిఖరము ఎత్తు 8,849 మీటర్లే. బ్రెస్టునకు పోవునప్పుడు ఎదురుగాలి, ఆగస్టు నెలలోనే ఎముకలు కొఱకు రాత్రి చలి. చదునైన నాలుగు దారుల రహదారిపై వెచ్చని రాత్రులలో అర్హత సంపాదించినవానికి ఇవి రెండును క్రొత్తవే. కనుక పారిస్ పోదలచినవాడు ఆరువందల కిలోమీటర్ల యాత్రను సులువుగా ముగియునట్టిదిగా గాక, మిట్టపల్లములు గలదానిగా ఎంచుకొనుట మంచిది. అందు ఓడిపోయినను నష్టము స్వల్పము. ఇంటి దగ్గరనే సంగతి తెలిసిపోవును, విమానపు టికెట్టు వ్యయము మిగులును.

మూడవది సెలవు. ఇది ఈ సభవారికి బాగుగా తెలిసిన శాస్త్రము. 200 శనివారము ఉదయము మొదలై సాయంత్రమునకు ముగియును, ఆదివారము మిగిలియుండును. 300 అర్ధరాత్రి దాటించును. 400 ఆదివారము ప్రొద్దెక్కు వఱకు పోవును. శనివారము ఆరు గంటలకు బయలుదేరిన 600 ఆదివారము రాత్రి పదింటికి గాని ముగియకపోవచ్చును. అట్లు వచ్చినవాడు సోమవారము తానే స్కూటరు నడుపుకొని కార్యాలయమునకు పోవుట యాత్ర కంటె ప్రమాదకరము. ఆరువందల కిలోమీటర్ల ఖరీదులో సోమవారపు క్యాజువలు లీవు గూడ చేరియున్నదని మొదటనే లెక్క వ్రాసికొనవలెను.

నిద్రను గూర్చి ఒక మాట. నలువది గంటలు మేలుకొనగలనని గొప్పలు చెప్పువారు ప్రతి సంఘములోను ఉందురు. వారి మాట వినరాదు. తూలిన సైకిలు ఏ వైపునకు పడునో తొక్కువాని వశములో లేదు. కన్ను ఒక్కమారు దానంతట అది మూసికొన్నచో దిగి, ధాబా మంచముపై అరగంట పడుకొనవలెను. అందువలన కంట్రోలు మూతపడినచో పడనిమ్ము. బ్రెవే మరుసటి నెల మరల వచ్చును.

వేఱు తరగతుల యాత్రలు గూడ కలవు. అమెరికాలో పడమటి తీరము నుండి తూర్పు తీరమునకు 4,800 కిలోమీటర్ల రేస్ అక్రాస్ అమెరికాను 2017లో శ్రీనివాస్ గోకుల్‌నాథ్ ఒంటరిగా పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యెను. దానికి అర్హత నిచ్చునవిగా పూనా నుండి గోవాకు జరుగు డెక్కన్ క్లిఫ్‌హ్యాంగర్ వంటి పందెములు ఉన్నవి. ఇవి ఘనమైనవే. కాని వీటిలో వెంట బండి, బండిలో మనుష్యులు, వారి భోజనము, వారి నిద్ర, వారి సెలవు గూడ కావలెను. ఒకని కోరికకు నలుగురి సెలవులు కరగును. వేతనముపై బ్రతుకువాడు ఒకటికి పదిమార్లు ఆలోచింపవలెను. డిసెంబరులో జరుగుచు వచ్చిన నీలగిరి యాత్ర వేఱొక రకము: పగలు తొక్కి రాత్రి విశ్రమించునది. నిద్ర చెడగొట్టుకొనలేనివారికి అది తగియున్నది. ఎంత సిద్ధపడినను ప్రకృతి ముందు పట్టిక నిలువదనుటకు లండన్-ఎడిన్‌బరో-లండన్ యాత్ర ఒక సాక్ష్యము. 2025 ఆగస్టులో ఫ్లోరిస్ అను పెనుగాలివాన వచ్చి, వేలాది యాత్రికులు దారిలో నుండగనే నిర్వాహకులు దానిని నిలిపివేయవలసివచ్చెను. ఏండ్ల తరబడి ఎదురుచూచినవారు సగము దారిలో తిరిగిపోయిరి. నిర్వాహకులు చేసినది సరియైన పనియే.

ఇక ఆ ఉద్యోగి పట్టిక ఎట్లు తేలును? మొదట అతడు గుర్తుపెట్టినవి పదునొకండు యాత్రలు. భార్య చూచి, ఫిబ్రవరి, మార్చి నెలల గడులను పెన్సిలుతో మూసివేసెననుకొందము. పరీక్షల వేళ ఇంట ఒకరు తెల్లవారుజామున లేచి టీ కాచియివ్వవలెను గదా, ఆ పని ఈమారు తండ్రిది. నవంబరును పొగ మూసివేసెను. మే, జూనులను ఎండ మూసెను. మిగిలినవి నాలుగు. డిసెంబరు మొదటి వారమున 200, మంచు దిగకముందే రెండవ వారమున 300, సంక్రాంతికి హైదరాబాదులో 400, పరీక్షలు ముగిసిన పిదప ఏప్రిలు మొదటి వారమున బెంగుళూరు పీఠభూమిపై మిట్టపల్లముల 600. వీటిలో ఒక్కటి తప్పినను మరల చేయుటకు తావు చాల తక్కువ. ఆ సంగతి తెలిసియే అతడు మిగిలిన ఏడింటిని కొట్టివేయును. మోకాలి వైద్యుని చూచుటకు అక్టోబరులోనే ఒక సగము దినము వ్రాసికొనును. ఏప్రిలు సోమవారమునకు క్యాజువలు లీవు చీటీ మాత్రము, తేదీ వేయక, సొరుగులో సిద్ధముగా ఉంచుకొనును.