పెళ్ళి జోడా – కొత్త కాపురం
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం మాస్టారు తెలుగులో మాట్లాడుతున్నాడేమిటని కొందరికి అనిపించవచ్చు. కారణం చిన్నదే. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్‌బీ నగర్ పక్కల పెరుగుతున్న మన పిల్లల్లో చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు గానీ, చదవడం రాయడం తెలుగులోనో ఇంగ్లీషులోనో చేస్తున్నారు. ఈ మాటలు సావనీరులో అచ్చయి ఇంటికి వెళ్ళినప్పుడు పెళ్ళి కావలసిన పిల్లలు తామే చదువుకోవాలి, ఇంకొకరు చదివి వినిపించే అవసరం ఉండకూడదు. అందుకని తెలుగు.

కార్యదర్శిగారు నాకిచ్చిన విషయం పెళ్ళి ఖర్చు. అది సముద్రమంత విషయం. అందులోంచి రెండు చెంబుల నీళ్ళు మాత్రం తీసుకుంటాను. ఒకటి, పెళ్ళినాడు తొడిగే జోడా. రెండు, ఆ మర్నాటినుంచి మొదలయ్యే కాపురం. ఈ రెండింటికీ డబ్బు ఒకే జేబులోంచి రావాలి. మొదటిదానికి ఎక్కువ పోతే రెండోదానికి తక్కువ మిగులుతుంది. ఇది చెప్పడానికి లెక్కల మాస్టారే కానక్కర్లేదు.

మన హైదరాబాదు రివాజు ఒకసారి గుర్తు చేసుకోండి. మంఝాకు పసుపు బట్టలు. సాంచక్ నాడు పెళ్ళికొడుకువారు పళ్ళేలలో పెళ్ళికూతురి జోడా, గాజులు, పూలు తెస్తారు. మెహందీకి పెళ్ళికూతురివారు పెళ్ళికొడుకు బట్టలు పట్టుకు వెళతారు. అంటే మన దగ్గర ఎవరి బట్టలు వాళ్ళు కొనుక్కోరు. అమ్మాయి జోడా అబ్బాయివారు కొంటారు, అబ్బాయి షేర్వాణీ అమ్మాయివారు కొంటారు. ఇది ఎంతో ముచ్చటైన ఆచారం. ఒక ఇల్లు ఇంకో ఇంటి బిడ్డకు బట్టలు పెట్టడమంటే తన బిడ్డగా ఒప్పుకోవడమే గదా!

అయితే ఖర్చు పెరిగేది కూడా సరిగ్గా ఇక్కడే. తన బట్టలు తను కొనుక్కునే మనిషి జేబు చూసుకొని "ఇంతకు మించి వద్దు" అనగలడు. ఎదుటివారికి కొనేటప్పుడు ఆ మాట అనలేడు. పిసినారి అంటారేమోనని భయం. దుకాణంలో ఒక జోడా తీస్తే, వియ్యపురాలు ఏమనుకుంటుందోనని ఇంకో జోడా చూపించమంటారు. అటువైపు నుంచి ఖరీదైన జోడా వచ్చిందని ఇటువైపువారు ఇంకా ఖరీదైన షేర్వాణీ కుట్టిస్తారు. రెండు ఇళ్ళూ ఒకరినొకరు సంతోషపెట్టబోయి ఇద్దరూ అప్పులపాలవుతారు. కాబట్టి నా మొదటి మనవి ఏమంటే, "చాలు" అనే మాట ఇచ్చేవాళ్ళు అనలేరు, అది తీసుకునేవాళ్ళ నోటనే రావాలి. అమ్మాయి తల్లి వియ్యపురాలితో "మా బిడ్డకు ఇంతవరకు చాలమ్మా" అనాలి. అబ్బాయి తన అత్తగారింటికి కబురు పంపాలి, నాకు షేర్వాణీ అద్దెకు తెచ్చుకున్నా ఫరవాలేదని. ఒక్క సాయంత్రం వేసుకునే షేర్వాణీని మన ఊళ్ళో అద్దెకు ఇచ్చే దుకాణాలు లేకపోలేదు.

అప్పు సంగతి కూడా చెప్పుకుందాం. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీమీద లక్ష రూపాయలు తెచ్చారనుకోండి. నెలకు 3,000. ఏడాదికి 36,000. ఇంత కట్టినా అసలు లక్ష అలాగే కూర్చుని ఉంటుంది. ఇద్దరి కొత్త సంసారంలో నెలకు మూడువేలంటే బియ్యం, గ్యాసు, కూరగాయల్లో చాలా భాగం. జోడా పెట్టెలో నిద్రపోతుంది, వడ్డీ మాత్రం రాత్రీ పగలూ మేలుకునే ఉంటుంది. వడ్డీ మనకు నిషిద్ధమని శుక్రవారం ఖుత్బాలో వింటాం. పెళ్ళి దగ్గరికొచ్చేసరికి తాకట్టు దుకాణం మెట్లు ఎక్కుతాం.

మా బడిలో పదో తరగతి దాకా చదివిన ఒక అమ్మాయి పెళ్ళి సంగతి చెబుతాను. పేరు చెప్పను, ఆమె అనుమతితో చెబుతున్నాను. తల్లిగారిల్లు మలక్‌పేట వైపు. పెళ్ళికొడుకు ఏసీలు బాగుచేసే మెకానిక్. అబ్బాయి తల్లికి ఖడా దుపట్టానే కావాలి. అది మన హైదరాబాదు పెళ్ళికూతురి గుర్తు, ఆమె కోరికలో తప్పులేదు. పాత బస్తీలో రెండు దుకాణాలు చూసి, ధరలు విని, ఆమె ముఖం చిన్నబోయింది. అప్పుడు ఈ అమ్మాయే వరసకు ఆడబిడ్డ అయ్యే పిల్లతో కబురు చేసింది: "ఆపా, అత్తమ్మతో చెప్పండి, జోడా నేను కుట్టించుకుంటాను, బట్ట మాత్రం ఆమె చేతులతో కొనివ్వమనండి."

ఏం చేసిందో వినండి. ఖడా దుపట్టా అంటే సుమారు ఆరు గజాల గుడ్డ. చీర కూడా అంతే గదా! దిల్‌సుఖ్‌నగర్‌లో పనిలేని సాదా ఎర్ర షిఫాన్ చీర ఒకటి కొనిపించింది. వాళ్ళమ్మ పెళ్ళి జోడా పాడైపోయింది గానీ దాని జరీ అంచు గట్టిగా ఉంది. ఆ అంచును విప్పి చీరకు కుట్టించింది. కుర్తాకు, చోళీకి మ్యాచింగ్ సెంటర్‌లో గుడ్డ తీసుకుంది. చుడీదార్ పైజామా ఇంట్లోనే కుట్టుకుంది. పని అంతా మెడ దగ్గర, చేతుల దగ్గర పెట్టించి, దుపట్టా కింద పడిపోయే చోట పెట్టించలేదు. చూసేవాళ్ళ కళ్ళు వెళ్ళేది ముఖం వైపే గదా, మాస్టారూ అంది. మొత్తం ఖర్చు దుకాణంలో చూసిన జోడా ధరలో నాలుగో వంతు కూడా కాలేదు. ఇప్పుడు ఆ దుపట్టాను రంజాన్ పండుగకు చీరగా కట్టుకుంటున్నది. ఒక్కరాత్రి బట్ట కాస్తా ఏళ్ళతరబడి బట్ట అయింది.

ఇక్కడ ఒక మాట. తెలుగువాళ్ళు మగ్గం వర్కు అంటారే, దాన్ని మనం కార్చోబ్ అంటాం. గుడ్డను చెక్క చట్రానికి బిగించి సూదితో జరీ, పూసలు కుట్టే పని అది. ఆ పని చేసే కారీగర్లలో మనవాళ్ళు ఎందరో ఉన్నారు. కంప్యూటర్ వర్కు చవకే, నేను కాదనను. కాని చేతిపని కొంచెమే చేయించినా ఆ కొంచెం డబ్బు మన బస్తీ ఇంటికే చేరుతుంది. గాజుల సంగతీ అంతే. లాడ్‌బజారు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బంగారం పెట్టలేని చేతికి లక్క గాజుల జత తక్కువేమీ కాదు.

మనం ఉంటున్న ఎల్‌బీ నగర్ పూర్తి పేరు లాల్ బహదూర్ నగర్. ఆ పేరు గల మహానుభావుడు లాల్ బహదూర్ శాస్త్రిగారు 1928లో పెళ్ళి చేసుకున్నప్పుడు కట్నం వద్దని, ఒక రాట్నమూ కొన్ని గజాల ఖద్దరు గుడ్డా మాత్రమే తీసుకున్నారు. మన ఉలమాలు చెప్పే సంగతి అంతకన్నా పాతది. హజ్రత్ అలీ తన కవచం అమ్మి హజ్రత్ ఫాతిమాకు మెహర్ ఇచ్చారని, ఇంటి సామాను ఆ డబ్బుతోనే వచ్చిందని. కొత్త ఇంటిని నిలబెట్టే బరువు మగవాడిదేనని దాని అర్థం. మనం దాన్ని తలకిందులు చేసి, ఆ బరువు ఆడపిల్ల తండ్రి భుజాన పెట్టాం.

ఇక కాపురం. కొత్త జంటకు మన పక్కల దొరికేది సాధారణంగా రెండు గదుల పోర్షన్. మొదటి నెల అద్దె, దానితోబాటు అడ్వాన్సు, పాలూ నీళ్ళూ గ్యాసు కనెక్షనూ. చేతిలో రొక్కం అవసరమయ్యేది అప్పుడే. ఆ రొక్కమే మిగలకుండా జహేజ్ పేరిట పెద్ద మంచం, అద్దాల బల్ల, సోఫా దించుతాం. మంచం మెట్లమీద మలుపు తిరగదు. సోఫా వేస్తే నమాజుకు చోటు ఉండదు. ఇద్దరు కూర్చుని అన్నం తినే దస్తర్‌ఖాన్ పరిచేంత జాగా కొత్త ఇంట్లో మొదటి సామాను. ఏది అవసరమో మూడు నెలలు కాపురం చేశాక ఆ ఇద్దరికే తెలుస్తుంది. అప్పటిదాకా ఆగండి.

చట్టం సంగతి రెండు ముక్కలు. 1961 వరకట్న నిషేధ చట్టం మనకూ వర్తిస్తుంది. మెహర్ మాత్రం కట్నం కిందికి రాదని ఆ చట్టంలోనే రాసి ఉంది. మెహర్ భార్య హక్కు. 1985లో వచ్చిన నిబంధనల ప్రకారం పెళ్ళి సమయంలో అమ్మాయికి వచ్చిన బహుమతుల జాబితా రాసి, ఏ వస్తువు, సుమారు విలువ ఎంత, ఎవరిచ్చారు, వారు ఏమవుతారు అన్నది చూపించి, వధూవరులిద్దరూ సంతకం చేయాలి. ఆ జాబితా అమ్మాయి దగ్గర ఉండాలి. ఇది అపనమ్మకం కాదు. నికాహ్‌కు సాక్షులను పెట్టుకుంటున్నాం, అది అపనమ్మకమా? మెహర్ కూడా అంతా తర్వాతి మాట అని రాయించి వదిలేయవద్దు. కొంతైనా నికాహ్ నాడే ఆమె చేతిలో పెట్టండి. మెహర్-ఎ-ఫాతిమీ అంటే మన లెక్కలో సుమారు 1,531 గ్రాముల వెండి. అంత శక్తి లేకపోతే ఉన్నంత. ఆ డబ్బు ఆమె పేరుతో బ్యాంకులో ఉంటే, ఒంట్లో బాగాలేని రోజున, పని దొరకని నెలలో ఆ ఇంటికే అక్కరకొస్తుంది. అప్పుడు ఇచ్చేదీ మానేదీ ఆమె ఇష్టం.

కాగితాల గురించి బడిపంతులుగా హెచ్చరిస్తున్నాను. మన ఆడపిల్లల పేర్లు బడి సర్టిఫికెట్లో ఒక తీరు, ఆధార్‌లో ఒక తీరు, నికాహ్‌నామాలో ఇంకో తీరు ఉంటాయి. ఒకచోట బేగం, ఇంకోచోట ఫాతిమా. పెళ్ళికి ముందే సరిచేయించండి. ఖాజీసాబ్ రాసిన సియాహా ఆధారంగా నాంపల్లి హజ్ హౌస్‌లో వక్ఫ్ బోర్డువారి ఖజాత్ విభాగం నుంచి వివాహ ధ్రువపత్రం తీసుకోండి. పాస్‌పోర్టుకైనా గల్ఫ్ వీసాకైనా అది అడుగుతారు. షాదీ ముబారక్ పథకం 2014 అక్టోబరు 2న 51,000 రూపాయలతో మొదలైంది. 2017లో 75,116కూ, 2018లో 1,00,116కూ పెరిగింది. అమ్మాయికి 18 ఏళ్ళు నిండి ఉండాలి. దరఖాస్తు తప్పక చేయండి. కాని ఆ చెక్కు పెళ్ళినాటికి చేతికొస్తుందని నమ్మి అప్పు చేయవద్దు. వచ్చినప్పుడు పిల్లల అడ్వాన్సుకో, కుట్టుమిషనుకో వాడండి. ఇంకొకటి, అమ్మాయి పేరు తల్లిగారింటి రేషన్ కార్డులోంచి తీయించి కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టుకోవాలి. 2024 మార్చిలో మొదలైన 200 యూనిట్ల ఉచిత కరెంటు పథకానికి కూడా ఆ కార్డే ఆధారం, అద్దె ఇళ్ళవారికీ వర్తిస్తుంది.

చివరికి, కాగితాల్లో లేని సంగతి. పాత బస్తీలోనో మలక్‌పేటలోనో పెరిగిన అమ్మాయి ఎల్‌బీ నగర్ పోర్షన్‌కు వస్తుంది. ఆయన ఉదయం పనికి పోతాడు. పక్కింట్లో తెలుగు, కింద కూరగాయల బండి దగ్గర తెలుగు, ఆసుపత్రి చీటీ దగ్గర తెలుగు. నేను చెప్పిన ఆ అమ్మాయికి మొదటి నెలంతా తలుపు తీయాలంటే బెరుకు. ఒకరోజు నీళ్ళు ఆగిపోతే బిందె పట్టుకొని కిందికి దిగింది. ఇంటివారి పెద్దమ్మ "ఏం బిడ్డా, నీళ్ళు రాలేదా" అని అడిగి రెండు బిందెలు నింపి ఇచ్చింది. బిడ్డా అన్న మాట అర్థమైంది, మిగతాది అర్థం కాలేదట. ఇప్పుడు ఆమె కుట్టిన జాకెట్లు ఆ గల్లీలో సగం మంది తొడుగుతున్నారు. ఆమె తెలుగు నా తెలుగుకంటే బాగుంది.

తల్లిగారిల్లు మరీ దూరమేమీ కాదు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట – ఎల్‌బీ నగర్ మెట్రో వచ్చినప్పటినుంచి ఎల్‌బీ నగర్‌లో ఎక్కితే ఆరో స్టేషను మలక్‌పేట. 2023 డిసెంబరులో ఆడవారికి ఆర్టీసీ బస్సు ఉచితమైంది. కాబట్టి తల్లులారా, అప్పు చేసి పంపిన సోఫాకన్నా నెలకు రెండుసార్లు మీరు వెళ్ళి ఆ ఇంట్లో ఒక పూట కూర్చోవడం బిడ్డకు ఎక్కువ బలం.

మన సంఘం ముందు మూడు మనవులు పెడుతున్నాను. ఒకటి, ఇళ్ళలో పెట్టెల్లో మూలుగుతున్న జోడాలు, షేర్వాణీలు సేకరించి, ఉతికించి, అవసరమైనవారికి పేరు బయటపెట్టకుండా ఇచ్చి మళ్ళీ తీసుకునే ఏర్పాటు చేయాలి. అద్దె అడగవద్దు, ఎవరు తీసుకెళ్ళారో చెప్పవద్దు. రెండు, బహుమతుల జాబితా ఫారం ఉర్దూలోనూ తెలుగులోనూ అచ్చువేయించి ప్రతి పెళ్ళింటికీ ఇవ్వాలి. మూడు, ఆదివారం పూట ఇద్దరు చదువుకున్న పిల్లలు ఆఫీసులో కూర్చుని కొత్త జంటల దరఖాస్తులు నింపిపెట్టాలి. మొదటి ఆదివారం నేను వస్తాను. పెన్ను నాదే తెచ్చుకుంటాను.

ఈ సభలో పెళ్ళీడు పిల్లలున్న తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఈ ఏడు మీ ఇంటికి సాంచక్ పళ్ళేలు రావచ్చు, లేదా మీ ఇంటినుంచి వెళ్ళవచ్చు. అవి తీసుకునే వంతు మీదైతే, ముందుగానే ఒక కబురు పంపండి: ఇంతవరకు చాలని. ఆ ఒక్క మాటతో రెండు ఇళ్ళు నిద్రపోతాయి.